నీళ్ళు నడుముకి దిగిందాకా

సమాధానం గారిని మీరు కలిసి తీరాలి. ఎన్ని పనులున్నా సరే, ఒక్కసారి సూళ్లూరుపేటలో రైలు దిగండి. తూర్పుగా పోయే ఎడ్లబండి ఏదో ఒకటి పట్టుకోండి. ఉప్పుగాలి మొహానికి కొట్టడం మొదలైన చోట దిగి "ఉపదేశి ఇల్లెక్కడ?" అని అడిగితే చాలు, మొగలిపాలెంలో ఎవరైనా చూపిస్తారు. ఆయన పాస్టరై రెండేళ్ళు దాటింది. అయినా పాలెంలో అందరికీ ఆయన ఉపదేశే. ఆయన కూడా ఎవర్నీ దిద్దడు.

పొడుగాటి మనిషి. పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టి, ఆ నీళ్ళలోనే చేపలు పట్టి, ఇరవయ్యేళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నాడు. ఉపదేశి అంటే ఏమిటో తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. పాలెంలోనే ఉండి ఆదివారం వాక్యం చెప్పేదీ, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చునేదీ, బాప్తిస్మానికి మనుషుల్ని సిద్ధం చేసేదీ ఆయనే. కానీ తీరా బాప్తిస్మం ఇచ్చే అధికారం మాత్రం ఆయనకి లేదు. అది అభిషేకం పొందిన పాస్టరు చేతుల మీదుగానే జరగాలి. ఆ పాస్టరు అబ్రహాము అయ్యగారు. సూళ్లూరుపేటలో ఉండేవారు, నెలకొక ఆదివారం పాలెం వచ్చేవారు.

ఇక అయ్యగారి సంగతి. బుచ్చిరెడ్డిపాలెం వైపు వరిచేల మధ్య పుట్టిన మనిషి. గంజిపెట్టిన తెల్లకోటు, పాలిష్ చేసిన బూట్లు, ముక్కు మీద కోపం. పదిగంటల ఆరాధనకి ఎండ నడినెత్తికొచ్చాక వచ్చేవారు. వచ్చీ రాగానే "వాకిట్లో చెప్పులు ఇట్టా పారేసిందెవురు?" అని మొదలుపెట్టేవారు. ప్రసంగం మధ్యలో ఆపి మనిషిని పేరుపెట్టి పిలిచేవారు. సంఘ పెద్ద హజరత్తయ్య ఒకరోజు కునుకుతీస్తూ దొరికిపోయాడు. "ఏం హజరత్తయ్యా, నిద్ర చాలిందా? పరలోకంలో నీకు మంచం వేయించమని రాయమంటావా?" అన్నారు అయ్యగారు, వంద మంది ముందు. హజరత్తయ్య పడవలున్న పెద్దమనిషి. బాప్తిస్మం పుచ్చుకున్నా తాతలు పెట్టిన పేరు మార్చుకోని మొండి మనిషి కూడాను. ఆ మాట ఆయన కడుపులో ముల్లై కూర్చుంది.

సమాధానానికి జరిగిన అవమానం ఇంకా పెద్దది. ఆయన్ని పాస్టరుగా అభిషేకించమని పాలెం వాళ్ళు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ పాస్టర్ల సభలో అయ్యగారే అడ్డం చెప్పారు. "పచ్చికాయ. ఇంకా పండలా" అన్నారట. సమాధానం ఇంటికొచ్చి ఆ మాట చెబితే భార్య ఏసుమణి అన్నం కుండ ఠపీమని దించింది.

"ఆయన సంచీ మోస్తావు, గొడుగు మోస్తావు, ఆయన తిట్లూ మోస్తావు. ఇంకెప్పుడు పండేది? నెత్తి నెరిసినాకనా?"

"పండినాక కోసేవోడు కోస్తాడులే మే. నేనే చెట్టెక్కి నన్ను నేను కోసుకోవాల్నా?" అని ఆయన నవ్వాడు.

పాలెంలో ఆయనకి అప్పటికే ఒక పేరు పడింది: అయ్యగారి గొడుగు. ముందర కాదు, వెనక అనేవాళ్ళు. కొందరు ముందర కూడా.

ఇప్పుడు పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలి. ఇది సమాధానం గారు నాకు చెప్పింది కాదు. ఎవరు చెప్పారో మీకే తెలుస్తుంది.

ఆ ఏడు కార్తీకంలో అయ్యగారూ ఆయనా శ్రీహరికోట దీవిలో కట్టెలు కొట్టే కూలీల దగ్గర ఆరాధనకని చిన్న పడవలో బయల్దేరారు. గెడ వేసి పడవ నడిపేది సమాధానమే. సగం దూరంలో ఈశాన్యపు గాలి ఒక్కసారిగా తోసింది. పడవ పక్కకి వాలింది, అయ్యగారు నీళ్ళలో పడిపోయారు. అక్కడ లోతు ఎంతో కాదు, మనిషి నిలబడితే గొంతు దాకా. కానీ పడ్డ మనిషికి నిలబడాలని తోచలేదు. కోటు బరువెక్కింది, కాళ్ళకి బురద తగులుకుంది. సమాధానం దూకి జుట్టుపట్టుకుని పైకి లాగాడు. అయ్యగారు పడవ అంచు పట్టుకుని చాలాసేపు చిన్నపిల్లవాడిలా వణికారు. తర్వాత ఒక్క మాటే అన్నారు.

"ఎవురికీ చెప్పబాక."

"ఏం చెప్పేదానికుంది అయ్యగారూ? తడిసినాం, ఆరతాం" అన్నాడాయన.

ఆ తర్వాత అయ్యగారు మళ్ళీ ఆ సరస్సులో కాలుపెట్టలేదు. పాలెం వాళ్ళ బాప్తిస్మాలన్నీ సూళ్లూరుపేటలో, ఆరాధన మందిరం వెనక కట్టించిన సిమెంటు తొట్టిలోనే. ఎందుకని అడిగితే "పద్ధతి అది" అనేవారు. ఎందుకో తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ నోరు విప్పలేదు.

నాలుగేళ్ళు అట్లాగే గడిచింది. అరవై రెండులో పిచ్చమ్మ విషయం వచ్చింది.

పిచ్చమ్మ ఎండుచేపలు అమ్ముకునే ముసలామె. మొగుణ్ణి ఆ సరస్సే మింగింది. గంప దించుకుని అలుపు తీర్చుకుంటున్నట్టు ప్రార్థన పాక బయట కూర్చుని, ఏళ్ళ తరబడి వాక్యం విన్నది. లోపలికి రమ్మంటే "నా గంప వాసన మీ దేవుడికి పడదులే" అని ఎగతాళి చేసేది. ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు గంప బయటే వదిలి లోపలికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. "ఉపదేశీ, నేను మునగతా" అన్నది. అప్పటికే ఆమె రొమ్ములో పిల్లికూతలు. వైద్యుడు పెదవి విరిచాడు.

తొట్టికి బండిలో తీసుకుపోతామన్నారు. ముసలామె ఒప్పుకోలేదు.

"దొంగమాదిరి పేటకి పొయ్యి తొట్టిలో మునిగొస్తే మావోళ్ళు ఏమనుకుంటారు? నేను బతికింది ఈ నీళ్ళ మీద. మావోడు పోయింది ఈ నీళ్ళలో. అరవయ్యేళ్ళు ఈ నీళ్ళని తిట్టుకున్నా. మునిగేది ఇక్కడే, నా బిడ్డా నా కులమూ చూస్తా ఉండంగానే."

ఆమె కూతురు నాగులమ్మ సంఘంలో లేదు. తల్లి చేస్తున్నది ఆమెకి నచ్చలేదు కూడా. అయినా తల్లి మాట తల్లిదే.

సమాధానం ఆ మాట అయ్యగారికి చేరవేశాడు. నెలవారీ ఆరాధనకి వచ్చిన అయ్యగారు అందరూ వినేట్టు చెప్పేశారు: "తొట్టికి తీసకరండి. ఆ ఉప్పుబురదలో నేను దిగను."

ఉప్పుబురద! పాలెం తినేది ఆ బురదలో దొరికే రొయ్యలే, పాలెం కట్టుకునేది ఆ బురద ఇచ్చిన బట్టలే. ఆ ఒక్క మాటతో పాలెమంతా అయ్యగారికి ఎదురు తిరిగింది. మనమంటేనే ఆయనకి ఏవగింపు, మన నీళ్ళంటే కాదు, అన్నారు. నిజం తెలిస్తే అంతా చప్పున చల్లారేది. కానీ నిజం తెలిస్తే అయ్యగారి పరువు కూడా ఆ పూటతో సరి. నీళ్ళకి భయపడే పాస్టరుని చేపలు పట్టేవాళ్ళు బతకనిస్తారా?

సమాధానం చేసిన మొదటి పని, వానలో తడుస్తూ పేటకి పోయి అయ్యగారి ఇంటి తలుపు కొట్టడం. అయ్యగారి భార్య రెబెక్కమ్మ గారు తువ్వాలు, కాఫీ ఇచ్చి లోపలికి తప్పుకున్నారు.

"అయ్యగారూ, కోపపడబాకండి. ఆ రోజు మీరు అన్న మాట తప్పు" అన్నాడు సమాధానం.

"ఏందీ? నువ్వా నాకు తప్పొప్పులు చెప్పేది? నీకు అఆలు దిద్దించిందెవురయ్యా?"

"మీరే. అందుకే మీ ముందర చెప్తా ఉండా, ఇంకెవురి ముందరా చెప్పలా. వాళ్ళు మీరు తమని అసహ్యించుకుంటా ఉండారనుకుంటా ఉండారు. అది కాదని మీకు తెలుసు, నాకు తెలుసు."

అయ్యగారు లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. సమాధానం గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు నీళ్ళు పొంగి ఉండాయి. ఇప్పుడు రమ్మన్లా. మాఘం పోనీండి, ఎండ ముదరనీండి. ఒడ్డు కాడ నీళ్ళు నడుముకి దిగతాయి. గాలీ ఉండదు. ముందు నేను దిగతా. మీరు నా పక్కనే రండి."

"ఆ ముసలామె అప్పటిదాకా ఉంటదా?"

"అది నాకూ తెలియదు, మీకూ తెలియదు. తెలిసినోడు ఒకడుండాడు గదా."

"పో. చూస్తాం" అన్నారు అయ్యగారు. అంతే. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. డిసెంబరు నెలవారీ ఆరాధనకి ఆయన అసలు రాలేదు.

జనవరి వచ్చేసరికి పిచ్చమ్మ మంచం పట్టింది. ఒక ఆదివారం సమాధానం ప్రార్థన పాకలోకి అడుగుపెడితే అందరూ ముందే వచ్చి కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా. ఆ పాకలో ఒకటే కుర్చీ, అయ్యగారిది. ఆయన రాని ఆదివారాల్లో అది గోడవారగా ఉండేది, ఉపదేశి నిలబడే వాక్యం చెప్పేవాడు. ఆ రోజు కుర్చీని తెచ్చి నడిమధ్యలో వేశారు. తుడిచి, మీద ఉతికిన దుప్పటి కూడా పరిచారు.

హజరత్తయ్య లేచాడు. "కూర్చో అబ్బయ్యా. ఇయ్యాల్టినుంచి ఇది నీది. పిచ్చమ్మని మంచంతో సహా ఒడ్డుకి మోసకొస్తాం. నువ్వే ముంచు. అందరం నీ వెనక ఉండాం. పేట ఆయన ఇంక రావాల్సిన పన్లేదు."

"నాకు అభిషేకం లేదన్నా."

"అడ్డం పడిందెవురు? ఆయనే గదా! ఆయన పండలేదంటే నువ్వు పండలేదా? మేం చెప్తా ఉండాం, పండినావు."

గుమ్మంలో నిలబడ్డ నాగులమ్మ అందుకుంది. "మాయమ్మ రాత్రంతా దగ్గతా మీ ఏసయ్యనే పిలస్తా ఉండాది. ఏం, మీ దేవుడికి బస్సు దొరకలేదా?"

ఎవరూ నవ్వలేదు. సమాధానం కుర్చీ దగ్గరికి నడిచాడు. వెనక నుంచి ఎవరో "కూర్చో, కూర్చో" అంటున్నారు. బైబిల్లో దావీదు కత్తి పట్టుకుని గుహలో నిలబడ్డాడే, ఎదురుగా తనని చంపాలని తరిమిన రాజు సౌలు ఒంటరిగా, వెనక జనం 'ఇదే దేవుడిచ్చిన అదను' అని గుసగుసలు, అచ్చం అట్లాంటి ఘడియ. పైగా సమాధానం చేతిలో కత్తికంటే పదునైనది ఉంది. 'ఆయనకి నీళ్ళంటే భయం' అని ఒక్క మాట అంటే చాలు. జనం పగలబడి నవ్వేవాళ్ళు, అయ్యగారి కథ ముగిసేది, పిచ్చమ్మ ఆ మధ్యాహ్నమే మునిగేది.

ఆయన దుప్పటి మడిచి హజరత్తయ్య చేతికిచ్చాడు. కుర్చీని ఎత్తి మళ్ళీ గోడవారగా పెట్టాడు.

"అన్నా, ఆయన్ని ఇక్కడ పెట్టింది నేను కాదు. తీసేదీ నేను కాదు. పిచ్చమ్మ మునగతాది, అయ్యగారి చేతుల మీదే మునగతాది. నీళ్ళు దిగనీండి."

"నీళ్ళు దిగేలోపు ఆమె దిగిపోతే? గుంటలోకి?" హజరత్తయ్య అరిచాడు. "ఆయనకి మన నీళ్ళంటేనే రోత!"

"రోతైతే మొన్న వానలకి ముందు నీ ఇంట్లో రొయ్యల కూర మూడుసార్లు ఎందుకేయించుకున్నాడన్నా? ఆ రొయ్యలేమైనా తొట్టిలో పెరిగినాయా?"

ఈసారి కొందరు నవ్వారు. హజరత్తయ్య మాత్రం నవ్వలేదు. తన వాళ్ళని లేపుకుని బయటికి నడిచాడు. సగం పాక ఖాళీ అయింది. ఆ ఆదివారం నుంచి వాళ్ళు రావడం మానేశారు. ఏసుమణి కూడా ఇంట్లో మాట తగ్గించేసింది. నీళ్ళకి పోయినప్పుడు ఆడవాళ్ళు ఆమెని "ఏం మే, గొడుగు బాగుండాడా?" అని అడిగేవాళ్ళట.

సమాధానం రోజూ పిచ్చమ్మ మంచం దగ్గరికి వెళ్ళేవాడు. జరిగింది జరిగినట్టు ఆమెకే చెప్పాడు, అయ్యగారి గుట్టు ఒక్కటి తప్ప.

"నేను వద్దన్నానని నామీద కోపమా పిచ్చమ్మా?"

ఆమె దగ్గు ఆగిందాకా ఆగి అన్నది: "నువ్వు ముంచుంటే ఇంకోడొచ్చి 'అది చెల్లదు, మళ్ళీ మునుగు' అంటాడు. ఈ ఒంటికి రెండుసార్లు యాడయితాది? ఏసయ్య కాడికి నేను ముసిలిదాన్నయిందాకా రాలా. ఇప్పుడు ఆయన నన్ను రెండు నెలలు ఉండమంటే ఉండలేనా? నీళ్ళెంత దిగినాయో చూసొచ్చి చెప్పు, పో."

ఆయన పోయి చూసొచ్చేవాడు. గొంతు దాకా. భుజం దాకా. రొమ్ము దాకా. ఎర్రకాళ్ళ కొంగలు ఒడ్డుకి దగ్గరగా మేయడం మొదలుపెట్టాయి. పిచ్చమ్మ ఒక వారం అన్నం ముట్టేది కాదు, ఇంకో వారం లేచి కూర్చునేది. ఆ రోజుల్లో నాగులమ్మ ఆయన్ని చూసి తలుపు వేసిన రోజులు కూడా ఉన్నాయి. ఆయన బయట అరుగు మీద కూర్చుని, లోపలున్న ముసలామెకి వినపడేట్టు కీర్తన పాడి వచ్చేసేవాడు.

మార్చిలో ఒక బుధవారం. కబురూ లేదు, కాకరకాయా లేదు, అయ్యగారు బండి దిగారు. దిగుతూనే కేకలు.

"ఏందిది, ఎవురూ సిద్ధంగా లేరా? మునిగే చోటు చూసినారా? ముసలామె ఏదీ? నేను వచ్చినప్పుడే మీకు వలలూ పడవలూ గుర్తొస్తాయి!"

సమాధానం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పరిగెత్తి మంచం మోయడానికి మనుషుల్ని పిలిచాడు. పాలెమంతా ఒడ్డుకి వచ్చింది. పోట్లాడి వెళ్ళిపోయిన హజరత్తయ్య కూడా వచ్చి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

అయ్యగారు కోటు విప్పారు, బూట్లు విప్పారు. నీళ్ళలో కాలుపెట్టారు. చీలమండలు మునిగాయి. మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయారు. మొహం పాలిపోయింది. ఒడ్డున గుసగుసలు మొదలయ్యాయి.

"ఏందయ్యా, కప్పలేమైనా కరస్తాయా?" అని నాగులమ్మ అరిచింది.

అప్పుడు సమాధానం, ఆ నీళ్ళలో కళ్ళు మూసుకుని కూడా నడవగల మనిషి, రెండడుగులు ముందుకేసి కాలు జారినట్టు తూలాడు. అందరికీ వినపడేట్టు అన్నాడు:

"అయ్యగారూ, బురద బో జారతా ఉండాది. నా చెయ్యి కాస్త పట్టుకోండి, పడతానేమో."

అయ్యగారు ఆ చెయ్యి పట్టుకున్నారు. ఎంత గట్టిగా అంటే వేళ్ళ గుర్తులు మర్నాటికి కూడా పోలేదని ఏసుమణి గారు చెప్పారు. పట్టుకుని తిట్టడం మొదలుపెట్టారు. "ఇన్నేళ్ళు ఇక్కడే బతికి నడవడం రాదా నీకు? చూసి అడుగెయ్యి! నన్ను పట్టుకో, వదలబాక!" అట్లా తిట్టుకుంటూ తిట్టుకుంటూనే నడుం లోతుకి వచ్చేశారు. ఒడ్డున జనం ఉపదేశిని చూసి నవ్వారు.

పిచ్చమ్మ మంచం దిగింది. మోయొద్దని, నడిచే వచ్చింది. ముంచడానికి అయ్యగారికి రెండు చేతులూ కావాలి. సమాధానం వెనక నిలబడి నీళ్ళలో ఎవరికీ కనపడకుండా ఆయన వీపుకి అరచెయ్యి ఆనించి ఉంచాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ముసలామె వెనక్కి వాలింది, మునిగింది, లేచింది. నెరిసిన జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే కళ్ళు తుడుచుకుని "అయిపోయిందా? ఇంకాసేపు ఉంచినా పర్లేదే!" అన్నది. ఒడ్డున నాగులమ్మ పొడి చీర పట్టుకుని ఏడుస్తూ ఎదురొచ్చింది.

పిచ్చమ్మ ఆ వేసవంతా బతికింది. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి తన బాప్తిస్మం కథ చెప్పింది. మళ్ళీ వానలు పడ్డాక, కూతురి ఒడిలో కన్నుమూసింది.

అయ్యగారు మారిపోయారని మీరు అనుకుంటే పొరపాటు. ఆ తర్వాతి నెలా ఆలస్యంగానే వచ్చారు, చెప్పుల గురించే మొదలుపెట్టారు. అరవై ఆరులో మాత్రం పాస్టర్ల సభలో ఆయనే లేచి సమాధానం పేరు చెప్పారు. అభిషేకం పేటలో జరిగింది. నేను ఆ రోజు మందిరంలోనే, కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. అయ్యగారు ప్రసంగం మధ్యలో అలవాటు ప్రకారం ఆగారు. ఎవరి పేరు పిలుస్తారో అని అందరం సర్దుకున్నాం.

"నాకు నీళ్ళంటే భయం" అన్నారు.

పాలెం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు యాభై ఎనిమిది నాటి పడవ సంగతంతా ఆయనే చెప్పారు. "ఆ రోజు ఒడ్డు కాడ ఆసరా కావాల్సింది నాకు. అడిగింది ఇతను. మీరు నవ్వింది ఇతన్ని చూసి. ఎనిమిదేళ్ళుగా ఇతనికి తెలుసు. మీలో ఒక్కరికైనా చెప్పినాడా? పచ్చికాయ అని నేనన్నా. పచ్చిగా ఉండింది నేను." అని, అంతలోనే హార్మోనియం వాయించే ఆయన మీద విరుచుకుపడ్డారు: "ఏం చూస్తా ఉండావు? కీర్తన ఎత్తుకో!"

హజరత్తయ్య ఆ కీర్తన సగంలో లేచి వెళ్ళి, మోకాళ్ళ మీదున్న సమాధానం భుజం మీద చెయ్యేశాడు. అభిషేకంలో అట్లా చేతులుంచే హక్కు పాస్టర్లదే, ఆయనకి లేదు. అయ్యగారు చూసి, కాస్త జరిగి చోటిచ్చారు.

ఒక సంగతి నన్ను మొన్నమొన్నటి దాకా పీకుతూనే ఉంది. మొన్న పాలెం వెళ్ళినప్పుడు అడిగేశాను. "పిచ్చమ్మ గారు జనవరిలోనే పోయుంటే?"

ఆయన వల బాగుచేస్తున్నాడు. చేతిలోని ముడి బిగించి చెప్పాడు.

"పోయుంటే ఏడ్చుండేవాణ్ణి. నాగులమ్మ తిట్లు బతికినన్నాళ్ళూ పడుండేవాణ్ణి, అవి న్యాయమే. కానీ దేవుడు ఆమెని 'నువ్వు తడవలేదు' అని వాకిట్లో నిలబెట్టేవాడు కాదుగా అబ్బయ్యా. ఆయన టయానికి ఆయన చేస్తాడు. నేను ఆ కుర్చీలో కూర్చోనుంటే మాత్రం, ఇంకోడు వచ్చి నన్ను లేపిందాకా భయపడతానే ఉండేవాణ్ణి."

నాకు ఆ జవాబు చాలు. దేవుడు ఒకణ్ణి నిలబెడితే వాడి లోపాలతో సహా గౌరవించడం, తప్పుని మొహం మీదే చెప్పి గుట్టుని మాత్రం కడుపులో దాచుకోవడం, సమయాన్ని ఆయనకే వదిలేయడం. ఇదంతా పిరికితనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఇంత ధైర్యం నేను ఎక్కడా చూడలేదు.

కానీ మీరు చెప్పండి. ముసలామె దగ్గుతూ ఉంది. ఇంట్లో భార్య మాట్లాడటం లేదు. జనమంతా మీ వెనకే ఉన్నారు, ఒక్క మాట అంటే అంతా మీ చేతికొస్తుంది. నీళ్ళు మాత్రం ఇంకా గొంతు దాకానే ఉన్నాయి. మీరైతే ఏం చేసేవాళ్ళు?